టోపీ తీయని సూది

నా నోరు మంచిది కాదని ఉద్యోగంలో చేరిన మొదటి నెలలోనే తేలిపోయింది. బిడ్డకు తట్టు టీకా వేయించకుండా తప్పించుకు తిరుగుతున్న ఒక తల్లిని పట్టుకుని తిట్టిన తిట్లకు, ఆమె కన్నా ముందు వాళ్ల అత్త ఏడ్చింది. సూదికి భయపడేవాళ్లంటే నాకు అంత మంట. "ఏం భయమే మీకు, పానం కన్న సూది ఎక్కువనా?" అనేది నా ఊతపదం. ఆ మాట ఇప్పుడు గుర్తొస్తే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

మాది హుజూర్‌నగర్ పక్కన పల్లె. నర్సు ఉద్యోగం మీద పాలమూరు వైపు వచ్చి, తిరిగి తిరిగి కొత్తకోట దాటాక హైవే మీదున్న ఒక ఊళ్లో, ఒక చిన్న సర్కారు దవాఖానలో హెడ్ నర్సునయ్యాను. ఊరి పేరు చెప్పను. తప్పు నాది, ఊరిది కాదు.

కరోనా టీకా వచ్చిన కొత్తలో మొదట దవాఖాన సిబ్బందికే వేశారు. మా వాళ్లలో సగం మంది జంకారు. డాక్టరు నన్ను పిలిచి, "సిస్టర్, మీరు ముందు వేయించుకుంటే మిగతావాళ్లు వాళ్లంతట వాళ్లే వస్తారు" అన్నాడు. "దానిదేముంది సార్" అన్నాను. ముందురోజు ఎవరో పంపిన వీడియో ఒకటి చూసి నిద్ర పట్టక దొర్లానని ఆయనకు చెప్పలేదు. అప్పటికే నాకు బీపీ ఉంది. ఏదో అవుతుందని మనసు పీకుతూనే ఉంది. ఇరవై ఏళ్లు జనానికి సూదులు గుచ్చినదాన్ని, ఎవరితో చెప్పుకుంటాను?

మా దగ్గర ఫోటోకు ఒక పద్ధతి ఉంది. నిజంగా సూది దించేటప్పుడు తీస్తే మొహం వంకర పడుతుంది, చెయ్యి అడ్డం వస్తుంది. అందుకని ముందు సూది మీది టోపీ తీయకుండానే సిరంజిని జబ్బకు ఆనిస్తారు, మనం నవ్వాలి. ఫోటో అయ్యాక అసలు సూది. ఆ రోజూ అట్లాగే కూర్చున్నాను. పది ఫోన్లు లేచాయి. మాస్కు కిందికి లాగి పళ్లన్నీ కనిపించేలా నవ్వాను. అందరూ చప్పట్లు కొట్టి టీ కోసం బయటికి పోయారు.

టీకా వేసే చిన్న సిస్టర్ మెల్లగా అడిగింది. "మేడం, ఇగ నిజంది వేద్దామా?"

"బాత్రూంకు పోయొస్తా" అన్నాను.

పోయి లోపల గడియ పెట్టుకుని నిలబడ్డాను. బయటికొచ్చి ఆ పిల్లతో, "నాకు ఒంట్లో బాగలేదు. రేపు వేయించుకుంటా. ఇయ్యాల్టికి నా పేరు రికార్డులో ఎక్కించెయ్" అన్నాను.

"ఒకసారి ఎక్కిస్తే మళ్ల..."

"నాకు నేర్పిస్తున్నవా?"

ఆ పిల్ల తల దించుకుని ఎక్కించింది. ఆమెకు నైట్ డ్యూటీలు వేసేది నేనే, సెలవులు ఇచ్చేది నేనే. కాదనడానికి ఆమెకెన్ని గుండెలు కావాలి? తర్వాత అరగంట నేను కూడా టీకా వేయించుకున్నవాళ్లతో కలిసి గదిలో కూర్చున్నాను. డాక్టరు వచ్చి ఒక్కొక్కరి చేతికి గులాబీ పువ్వు ఇచ్చి థాంక్స్ చెప్పాడు. నేనూ తీసుకున్నాను.

రేపన్నది రానే లేదు. పేరు ఎక్కాక మళ్లీ సూది అడగడం ఎట్లా? రెండో డోసు వారంలో సెలవు పెట్టి తప్పించుకున్నాను. ఈలోగా ఆ చిన్న సిస్టర్‌కు వేరే చోటికి బదిలీ అయింది. హమ్మయ్య అనుకున్నాను. అంత నీచంగా ఉంది అప్పటి నా బుద్ధి.

మా వార్డు ఊడ్చి తుడిచే ఆయమ్మ అన్నీ నన్ను చూసి చేసేది. నాకన్నా రెండేళ్లు పెద్దది, అయినా నన్ను సిస్టరమ్మా అనేది. నేత వాళ్లు. ఆమె భర్త ఇంకా ఇంట్లో మగ్గం నేస్తాడు. నా ఫోటో చూసిన మర్నాడు బకెట్ పక్కన పెట్టి అడిగింది.

"సిస్టరమ్మా, నొప్పి లేస్తదా?"

"చీమ కుట్టినట్టుంటది, గంతే. నేను ఏసుకోలేదా? నాకేమన్న అయ్యిందా?"

నోట్లోంచి ఎంత సాఫీగా వచ్చిందో! ఆమె ఆ రోజే పోయి వేయించుకుంది. జబ్బ పట్టుకుని వచ్చి, "చీమ గాదు, తేలు. అయినా నువ్వు చెప్పినవని ఓర్చుకున్న" అని నవ్వింది.

ఎండాకాలం వచ్చేసరికి రోగం మళ్లీ విరుచుకుపడింది. మంచాలు చాలలేదు. ఒక పొద్దున నాకు వాసన తెలియలేదు, సాయంత్రానికి ఊపిరి ఆడలేదు. నేను తిరిగే వార్డులోనే నన్ను పడుకోబెట్టి ఆక్సిజన్ పెట్టారు. మా ఇంటివాళ్లను గేటు దాటనివ్వలేదు. నాకు నీళ్లు తాగించింది, బట్టలు మార్చింది, చిక్కుపడ్డ నా జుట్టు దువ్వి జడ వేసింది ఆయమ్మ ఒక్కతే. ఆమె డ్యూటీ అయిపోయాక కూడా నా మంచం పక్కనే స్టూలు వేసుకుని కూర్చునేది.

"దూరం పోవే, నీకంటుకుంటది" అంటే, "మనిద్దరికి సూది పడ్డది గదా, మనకేంగాదు" అనేది.

ఆక్సిజన్ మాస్కు మొహం మీద ఉండబట్టి సరిపోయింది. లేకపోతే నా మొహం ఎక్కడ పెట్టుకునేదాన్ని? ఆమెకు టీకా పడింది కాబట్టి ఆమె మాట ఆమె వరకు నిజమే. నా వరకు వచ్చేసరికి అది అబద్ధం, అయినా ఆ అబద్ధం నమ్మి నా దగ్గర కూర్చుంది. కళ్లలోంచి నీళ్లు కారితే రోగం బాధ అనుకుని తన కొంగుతో తుడిచింది.

నేను బతికి బయటపడ్డాను. మళ్లీ డ్యూటీలో చేరిన వారానికి ఆయమ్మ దిగులుగా వచ్చింది.

"సిస్టరమ్మా, మా ఇంటాయన సూది ఏసుకోనంటుండు."

"ఎందుకట?"

"నిన్ను జూసి." ఆమె మాట తడబడింది. "సిస్టరమ్మ ఏసుకున్నది, అయినా పడ్డది గదా, ఇగ నేనెందుకు ఏసుకోవాలె అంటుండు. మా వాడకట్టుల అందరు గదే మాట. నువ్వొచ్చి ఒక్క మాట చెప్పు. నీ మాటైతే ఇంటడు."

నేను దాచిన అబద్ధం నా ఒక్కదానితో ఆగలేదని, టీకా మీదే నింద వేసిందని అప్పుడు తెలిసింది. కాదనలేక, సెలవు రోజైన ఐతారం పొద్దున, లాక్‌డౌన్ సడలించిన వేళలో, ఆమెతో వాళ్లింటికి పోయాను.

ఆయన గుంట మగ్గంలో కూర్చుని నేస్తున్నాడు. నన్ను చూసి ఆపి దండం పెట్టాడు. నెమ్మదైన మనిషి. వాదించే రకం కాదు.

"సిస్టరమ్మా, ఒక్కటడుగుత, ఏమనుకోకు. నువ్వు సూది ఏసుకున్నవు గదా. మరి నీకెందుకొచ్చింది?"

అంతే. అడగాల్సినది అడిగాడు. "నేను ఏసుకోలేదు, అందుకే వచ్చింది" అని నాలుగు మాటలు అంటే అయిపోయేది. ఇరవై ఏళ్లలో నేను ఇచ్చిన ఉపన్యాసాలన్నిటికన్నా అది గట్టి మాట అయ్యేది. నోటి దాకా వచ్చింది కూడా. కానీ ఆయమ్మ అక్కడే నిలబడి నా మొహంలోకి చూస్తోంది. ఊరంతా తెలుస్తుంది, డాక్టరుకు తెలుస్తుంది, నా ఉద్యోగం ఏమవుతుంది? ఇవన్నీ ఒక్క క్షణంలో తిరిగాయి. నేను టీకా వేసుకున్నా కొందరికి వస్తుందనీ, కానీ మామూలుగా ప్రాణం మీదికి రాదనీ, పుస్తకంలో ఉన్నట్టు చెప్పుకుపోయాను. చెప్పింది తప్పు కాదు. చెప్పిన మనిషే తప్పు.

ఆయన వింటున్నట్టే తల ఊపాడు. నమ్మలేదని చూస్తేనే తెలుస్తోంది. అప్పుడు ఆయమ్మ ముందుకొచ్చి మగ్గం మీద చెయ్యి పెట్టింది. వాళ్లింట్లో దాన్ని మించిన ఒట్టు లేదు.

"సిస్టరమ్మ సూది ఏసుకున్నది. నా మాట అబద్ధమైతే ఈ మగ్గం మీద మల్ల పోగు నడవొద్దు. సూది ఏసుకున్నది గాబట్టే బతికింది. నువ్వు గూడ ఏసుకో."

నేను ఆపలేదు. వాళ్లు ఇచ్చిన చాయ తాగాను. ఆయన "జూద్దాంలే" అన్నాడు. ఆ వారం మా దవాఖానలో టీకాలు ఉన్నాయి. నడిచి వస్తే పది నిమిషాల దూరం. ఆయన రాలేదు.

నెల దాటాక ఆయనకు జ్వరం పట్టింది. ఆక్సిజన్ పడిపోతుంటే నేనే ఎవరెవరి కాళ్లో పట్టుకుని మహబూబ్‌నగర్‌లో మంచం దొరకబట్టాను. ఇరవై రోజులున్నాడు. బతికాడు గానీ, ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. గజం బట్ట నేసేసరికి ఆయాసం వచ్చి మగ్గం గట్టు మీద తల ఆనించి కూర్చుంటాడని ఆయమ్మ చెప్పింది. ఏడవలేదు. "మనిషైతే ఇంటికొచ్చిండు, గదే చాలు" అంది. ఆ మధ్యలోనే నేను నిశ్శబ్దంగా పోయి నిజంగా సూది వేయించుకున్నాను. రికార్డులో అది రెండో డోసు.

జెండా పండుగ రోజు జెండా ఎగరేశాక దవాఖాన వరండాలో చిన్న సభ పెట్టారు. కరోనాలో పనిచేసిన సిబ్బందికి కృతజ్ఞత చెప్పడానికట. నాకు శాలువా కప్పారు. వెనక గోడ మీద నా ఫోటో, టోపీ ఉన్న సూది, నా పళ్లు. "ముందు నిలబడి అందరికీ ధైర్యం చెప్పిన సిస్టర్" అన్నాడు డాక్టరు. ఆయమ్మకు శాలువా లేదు. కాంట్రాక్టు మనిషి, జాబితాలో పేరు లేదు. నాకు మనసొప్పక ఆమెను కూడా మాట్లాడించమన్నాను. ఆమె మైకు ముందు నిలబడి కొంగు సర్దుకుంది.

"నాకు మాట్లాడరాదు. సిస్టరమ్మ ముందుగాల ఏసుకోకపోతే నేను ఏసుకోకపోతుంటి. మా ఆయనకు మంచం ఇప్పించింది గూడ సిస్టరమ్మనే. ఆమె కడుపు సల్లగుండ."

చప్పట్లు మోగాయి. నాకు తల కొట్టేసినట్టయింది. సభ అయ్యాక ఆమెను బట్టలు పెట్టే గదిలోకి తీసుకుపోయి తలుపు వేసి, శాలువా ఆమె భుజం మీద కప్పి, మొత్తం చెప్పేశాను. ఫోటో, బాత్రూం, చిన్న సిస్టర్, అన్నీ. దుప్పట్ల మూట మీద కూర్చున్నాను.

ఆమె శాలువా తీసి మడత పెట్టి నా పక్కన పెట్టింది.

"నాతోని మగ్గం మీద ఒట్టు పెట్టిపిచ్చినవు."

"నేను పెట్టమనలేదు" అని నసిగాను. ఎంత పనికిమాలిన మాట.

"ఆపలేదు గదా." ఆమె గొంతు పెంచలేదు. "నేనాయనకు చెప్ప, మేడం. నువ్వే చెప్పాలె."

అప్పటి దాకా ఆమె నన్నెప్పుడూ మేడం అనలేదు. ఇప్పటికీ నేను వస్తే పక్కకు జరిగి దారి ఇస్తుంది.

ఆ సాయంత్రమే వాళ్లింటికి పోయాను. ముందు జరిగిందంతా డాక్టరుకు రాసిచ్చి పోయాను. దానికి నాకు పడాల్సిన శిక్ష పడింది, అదొక లెక్క కాదు. ఆయన మగ్గం గుంటలోనే ఉన్నాడు గానీ నేయడం లేదు, ఊపిరి కుదురుకోవడానికి ఆగాడు. ఆయమ్మ లోపలి గదిలోంచి రాలేదు. నేను గుంట అంచున కింద కూర్చుని, ఎక్కడా అందం చేయకుండా చెప్పాను. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను.

ఆయన తెగిన పోగు ఒకటి పట్టుకుని చాలాసేపు అతకబెట్టాడు.

"ఎందుకు ఏసుకోలే?"

"భయమైంది."

నా మొహంలోకి చూశాడు. ఆయన కళ్లలో కోపం లేదు.

"నాక్కూడ గదే గదా సిస్టరమ్మా" అన్నాడు, మాట మాటకూ ఊపిరి తీసుకుంటూ. "గా ఐతారం నువ్వు 'నాకు భయమైంది' అని ఒక్క మాట అన్నుంటే, ఇద్దరం కల్సి సూదికి పోతుంటిమి."