సరికీ సరేకీ మధ్య నా మీసం

అరవైల్లో మా జహీరాబాద్‌లో ఏటా సైకిల్ పందెం జరిగేది, బీదర్ రోడ్డు మలుపు నుంచి బస్టాండు దాకా. ఒక ఏడు నేను నోరు జారి, మొదట రాకపోతే మీసం తీయించుకుంటానని అల్లం వ్యాపారి ముందు ఒట్టు పెట్టాను. ఆయనా పందెంలో ఉన్నాడు. ఆయన పిక్కలు రోకళ్లు. నా మీసమో, మూడేళ్లు నూనె రాసి పెంచుకున్నది.

గట్టెక్కే దారి మా అక్క మొగుడు చూపాడు. కర్ణాటక వైపు నుంచి మా ఇంటికి ఇల్లరికం వచ్చిన మనిషి, తలుపంత వెడల్పు. ఇంట్లో ఆయన పళ్లెంలోకి రొట్టె అందరి తర్వాతే వచ్చేది. అది చూసి అక్క తల దించుకునేది.

"గాలికి నేను అడ్డముంట బామ్మర్దీ. నువ్వు నా ఎన్క దాక్కొని రా. బస్టాండు కనవడంగనే 'సరి' అను, నేను జరుగుత. నువ్వు ఉరుకు," అన్నాడు. సరి అంటే వాళ్ల కన్నడంలో పక్కకు జరగమని.

పందెం రోజు ఎదురుగాలి. బావ వీపు చాటున నాకు చెమటైనా పట్టలేదు. సగం దారిలో ఆయన వెనక్కి తిరిగి, "గిదే జోరు పెట్టాల్నా?" అని అడిగాడు.

"సరే," అన్నాను, నా బుద్ధి గడ్డితిని.

ఆయన ఠక్కున పక్కకు జరిగాడు. గాలి చెంప మీద కొట్టినట్టు తగిలింది. వ్యాపారి పళ్లికిలిస్తూ మమ్మల్ని దాటిపోయాడు.

"సరి అనలే బావా, సరే అన్న."

"అగో, గట్లనా. మల్ల నా ఎన్క పట్టు," అంటూ ఆయన ముందుకొచ్చి తొక్కాడు. బస్టాండు కనిపించేసరికి వ్యాపారి మా వెనకున్నాడు.

ఇక సరి అనాలి. నోరు తెరిచాను. అప్పుడే రోడ్డు పక్కన మా నాన్నతో నిలబడ్డ అక్క కనిపించింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బావనే చూస్తోంది. తమ్ముడొకడున్నాడన్న ధ్యాసే లేదు. నాకు ఒళ్లు మండింది, కానీ రొట్టెల దగ్గర దించుకునే ఆ తల ఇవాళ పైకెత్తే ఉంది. నోరు మూసుకున్నాను.

మాట వినబడక బావ జరగలేదు. ఆయనే ముందు గీత దాటాడు, నేను రెండో వాణ్ని.

వ్యాపారి మంగలిని వెంటబెట్టుకునే వచ్చాడు, దుర్మార్గుడు. బావ నాకు అద్దం పట్టుకుని, "నువ్వు సరి అంటవని చెవులు ఎన్కకే పెట్టిన. ఎందుకనలే?" అన్నాడు.

"దమ్ము లేకుండె బావా."

పాపం, నమ్మాడు.

ఆ పూట మా నాన్న మొదటి రొట్టె అల్లుడికి వెయ్యమన్నాడు. అక్క వేసింది. తర్వాత బోడి మూతితో కూర్చున్న నా దగ్గరికొచ్చి, నా రొట్టె మీద గిన్నెలో ఉన్న నెయ్యంతా వంపేసింది.