అరచేతుల వాసన

పాపను చుట్టి ఎత్తుకొని తిరిగిన నా పాత చీర ఇప్పుడు ఎందుకూ పనికిరాదు. అయినా పారెయ్యబుద్ధి కాలే.

మంచిర్యాల నుంచి చెన్నూరు పోయే బస్సుల, పాలు కలుపుదామని, పక్క సీటాయనను "అన్నా, పాపను జర ఎత్తుకుంటరా" అని అడిగిన. ఆయన వెంటనే తీసుకోలే. ముందుగాల పాపకు చుట్టిన ఆ చీర కొసకు రెండు అరచేతులూ గట్టిగ రుద్దుకున్నడు. ఆ తర్వాతనే ఎత్తుకున్నడు.

నేను వింతగ చూస్తే సిగ్గుపడ్డడు.

"అలవాటు చెల్లె. హైదరాబాద్‌ల ఒక ల్యాబ్‌ల ఎలుకలను చూసుకునేటోన్ని. పిల్లలను ముట్టేముందు, తల్లి ఎలుక పడుకున్న రంపపు పొట్టు చేతులకు రుద్దుకోవాలె. పరాయి వాసన తగిలితే తల్లి వాటిని చంపుకుంటది."

పాప ఆయన భుజం మీద తల వాల్చింది. అవి ఏం ఎలుకలని అడిగిన. మగ ఎలుకల్ల విత్తనం పుట్టించే మూలకణాలను మార్చి, పుట్టే పిల్లలకు మనుషుల రోగం వచ్చేటట్టు చేస్తరని, మందులు వాటి మీద పరీక్షిస్తరని చెప్పిండు. పెరిగేకొద్దీ వాటి కాళ్లు పడిపోతయట.

"మందు దొరికితే మంచిదే గద అన్నా."

"మంచిదే. గందుకే అన్నేండ్లు చేసిన." కొద్దిసేపు పాప వీపు నిమిరిండు. "కానీ ఆ తల్లి పిల్లల వాసన చూసి, ఎవ్వరూ ముట్టలేదనుకొని, అన్నిటినీ నాకుతుండె. మేము ముట్టింది అవి కడుపుల పడకముందే."

పాలు కలిపినంక పాపను నాకిచ్చిండు. చెన్నూరుల దిగేటప్పుడు పాప ఆయన దిక్కు చేతులు చాపింది. ఆయన నవ్విండు గని, జేబులల్ల పెట్టుకున్న చేతులు బయటికి తియ్యలే.