వందనాలు చెప్పే మనిషి

సువార్తరావు చెడ్డవాడని దోహాలో ఎవరూ అనరు. చిక్కంతా అక్కడే ఉంది. గుడివాడ దగ్గర పుట్టి, టైపు నేర్చుకుని, ఎనభై తొమ్మిదిలో ఇక్కడికొచ్చాడు. పనికి మనుషుల్ని తెప్పించే ఒక కంపెనీలో వీసా కాగితాలు చూస్తాడు. ఎవరికి జ్వరమొచ్చినా మందులు పట్టుకెళ్తాడు. శుక్రవారం ప్రార్థన ఫరీజ్ అబ్దుల్ అజీజ్ పేటలోని అతని ఫ్లాట్‌లోనే. ఆ దేశంలో చర్చికి అనుమతి లేదు గనక కిటికీలు మూసి, గొంతు తగ్గించి పాటలు పాడుకుంటారు.

కంపెనీలో అతనికి ఇంకో డ్యూటీ ఉంది. ఇళ్ళల్లో పనికని గోదావరి జిల్లాల నుంచి వచ్చే ఆడవాళ్ళని ఎయిర్‌పోర్టులో కలుసుకోవాలి. మొదటిసారి విమానమెక్కి బిక్కచచ్చి వచ్చే ఆ పిల్లలకి ఎదురెళ్ళి, చేతులు జోడించి "వందనాలమ్మా" అంటాడు. తమ చర్చి గుమ్మంలో వినే పలకరింపు పరాయి దేశంలో వినపడేసరికి వాళ్ళకి ప్రాణం లేచొస్తుంది. అడక్కముందే పాస్‌పోర్టు చేతికిచ్చేస్తారు. మేనేజరు జలంధర్ అతన్ని ఇంతకాలం నెత్తిన పెట్టుకుంది ఆ ఒక్క మాట కోసమే.

తర్వాత వాళ్ళేమవుతున్నారో సువార్తరావుకి తెలియదా? తెలియకేం. కిందటి మార్చిలో ఒక సంతకం కోసం అల్ మన్సూరాలో మూడో అంతస్తు ఫ్లాట్‌కి వెళ్ళాడు. తాళం బయటినుంచి వేసి ఉంది. లోపల, ఏదో ఇంట్లో వంట చేసుకుంటోందని అతననుకున్న తణుకు పిల్ల, గోడకానుకుని కూర్చుంది. పెదవి చిట్లి ఉంది. పక్కగదిలో మగవాళ్ళ నవ్వులు. ఆ పిల్ల సంతకం పెట్టి, బాగానే ఉన్నానని మా అమ్మకో ఉత్తరం రాసిపెట్టండి అని అడిగింది. రాశాడు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు, మెట్లు దిగేలోపే ఏమీ చూడలేదనుకున్నాడు.

ఆ మేలోనే సెలవు మీద భార్య డయానాతో కలిసి ఆమె పుట్టింటికి, రాజోలు పక్కకి, వెళ్ళాడు. గల్ఫ్ అల్లుడు కదా, ఆదివారం చర్చిలో లేచి, దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పమన్నారు. సాక్ష్యానికి నిలబడ్డాక ఉన్నదానికి కాస్త చేర్చకుండా కూర్చున్నవాణ్ణి నేనైతే చూడలేదు. దోహాలో దిగే మన ఆడపిల్లల్ని చేరదీయడానికే దేవుడు తనని అక్కడ పెట్టాడన్నాడు. సంఘమంతా స్తోత్రం పలికింది. ఆ పూట అతను కూడా తన మాట నమ్మేశాడు.

అక్టోబరులో ఒక శుక్రవారం, ప్రార్థనకొచ్చినవాళ్ళు వెళ్ళిపోయాక, డయానా వీడియో షాపు నుంచి తెచ్చిన కాసెట్టు పెట్టింది. ఆడపిల్లల్ని తెచ్చి అమ్మేసే ముఠా మీద హిందీ సినిమా. రౌడీలు కనపడినంతసేపూ సువార్తరావు హాయిగానే చూశాడు. తర్వాత రైలు స్టేషన్లో ఒక పెద్దమనిషి వచ్చాడు. దిగిన పిల్లని వాళ్ళ ఊరి యాసలోనే "బేటీ" అని పిలిచి, చేతిలో మూట అందుకున్నాడు. సువార్తరావు తేలు కుట్టిన దొంగలా బిగుసుకుపోయాడు.

"కొట్టేవాళ్ళకన్నా వీడే పాపిష్టివాడండీ," అంది డయానా పల్లీలు వలుస్తూ. "వీడు పిలవబట్టే కదా ఆ పిల్ల వెళ్ళింది. వీడికి పుట్టగతులుండవు."

ఆ నోటితోనే, చెప్పడం మరిచానంటూ, ఊరి నుంచి వచ్చిన ఉత్తరం సంగతెత్తింది. తన చిన్నమ్మ కూతురు దయమ్మ రేపటి విమానానికి వస్తోందట, మీ కంపెనీ వీసా మీదేనట.

"మీ సాక్ష్యం విన్నాకే చిన్నమ్మ ఒప్పుకుందంట. అక్కడ బావగారుండగా భయమేంటి అందంట."

ఆ వీసా కాగితం అతను టైపు చేసిందే. దయమ్మలు కోనసీమలో వీధికొకరుంటారు, మరదలని తట్టలేదు. తట్టకపోవడమేమిటి, ఇన్నాళ్ళూ ఏ పేరూ అతనికి ఎవరి కూతురిదిగానూ తట్టలేదు.

శనివారం మధ్యాహ్నం ఎయిర్‌పోర్టుకి వెళ్ళేటప్పుడు జేబులో రెండు అసలు వీసాలున్నాయి. ఒకటి దయమ్మది, రెండోది మలికిపురం శకుంతలది. అసలు కాగితం కౌంటర్లో ఇస్తేనే మనిషిని బయటికి పంపుతారు. లేకపోతే వచ్చిన విమానంలోనే వెనక్కి. బయట కారులో జలంధర్ కూర్చుని ఉన్నాడు. సువార్తరావు పాస్‌పోర్టు కూడా ఆ జలంధర్ బీరువాలోనే ఉంది. ఒక్క కాగితమైతే పోయిందని చెప్పుకోవచ్చు. రెండూ పోయాయంటే నమ్మేవాడు కాదు.

శకుంతల కాగితం ఇచ్చాడు. దయమ్మది జేబులోనే నలిపేశాడు.

అద్దానికి అవతల పోలీసు దయమ్మని పక్కకి నిలబెట్టాడు. ఆ పిల్ల అతన్ని గుర్తుపట్టి చెయ్యూపింది. బావగారూ అని పిలుస్తోందని పెదవులు చూస్తే తెలిసింది. సువార్తరావు అటు తిరిగి, గోడ మీద గడియారం చూస్తూ నిలబడ్డాడు. డయానా ఇంక తన ముఖం చూడదేమో అనుకున్నాడు. అయినా గుండె కాస్త తేలికపడింది.

శకుంతల బయటికొచ్చింది. ఇరవై ఏళ్ళుంటాయేమో.

"నా పక్క సీటేనండి ఆ అమ్మాయిది. తనని ఎందుకాపేశారండి?"

చెబుదామని నోరు తెరిచాడు. బయట జలంధర్ హారన్ కొట్టాడు. ఏడేళ్ళ అలవాటు, చేతులు వాటంతటవే జోడించుకున్నాయి.

"వందనాలమ్మా," అన్నాడు.

శకుంతల ముఖం విప్పారింది.

"దయమ్మ బావగారంటే మీరేనాండి? దారంతా మీ గురించే చెప్పిందండి," అంటూ పాస్‌పోర్టు తీసి అతని చేతిలో పెట్టింది.