మూడో పేరు పక్కన టిక్కు

మా థియేటర్లో ప్రోగ్రాం అంటే మధ్యకి మడిచిన పసుపు కాగితం. ఎడమవైపు పాత్రల పేర్లు, కుడివైపు ఆ పాత్ర వేసేవాళ్ల పేర్లు ఒకదాని కింద ఒకటి అచ్చేసి ఉంటాయి. ఒక్కో పాత్రకి ఇద్దరో ముగ్గురో ఉంటారు. ఆ పూట ఎవరు ఆడుతున్నారో వాళ్ల పేరు పక్కన పెన్సిల్‌తో టిక్కు పెట్టాలి. గ్యాలరీ ప్రోగ్రాంలకి ఆ టిక్కులు పెట్టేది నేనే, కపితోలినా ఫ్యోదొరోవ్నాని. లెనిన్‌గ్రాద్‌లో ఇరవై రెండేళ్లుగా ఈ నాలుగో అంతస్తు తలుపు దగ్గర నిలబడి టికెట్లు చూస్తూ, ప్రోగ్రాంలు అమ్ముతూ, ఆట మధ్యలో మిఠాయి కాగితాలు చప్పుడు చేసేవాళ్ల మీద కళ్లెర్రజేస్తూ బతుకుతున్నాను. నాకు బ్యాలే పిచ్చి లేదు. ఆ మాట ముందే చెప్పేస్తే నాకూ మీకూ హాయి.

పిచ్చి ఉన్నది నోన్నా అర్కాద్యెవ్నాకి. ఆవిడ గడియారాలు బాగుచేసే కొట్లో పనిచేస్తుంది. సన్నగా, పొట్టిగా ఉంటుంది. రోజంతా ఒక కంటికి భూతద్దం బిగించుకుని చిన్న చిన్న చక్రాలు చూసీ చూసీ, ఆ కన్ను మామూలప్పుడు కూడా కాస్త ముడుచుకునే ఉంటుంది. కొత్తవాళ్లు ఆవిడ తమని అనుమానిస్తోందనుకుంటారు. నేనూ మొదట్లో అలాగే అనుకుని రెండు నెలలు సరిగ్గా మాట్లాడలేదు.

తొమ్మిదేళ్ల కిందట ఒక ఆదివారం మధ్యాహ్నం ఆట. ‘పడవవాడి కూతురు’ ఆడుతున్నారు. ఆవిడ ప్రోగ్రాం తీసుకుని, పక్కకి వెళ్లి చదివి, మళ్లీ నా దగ్గరికొచ్చింది. కూతురి పాత్రకి మూడు పేర్లున్నాయి. మొదటిది స్వెర్చ్‌కోవా. పోస్టర్ల మీద పెద్దక్షరాలతో ఉండే పేరు అది. రెండోది ఇంకొకామె. మూడోది తైసియా వెర్షినినా.

“ఈ మూడో ఆమె ఎవరండీ? ఈ బ్యాలే ఆరుసార్లు చూశాను. ఈ పేరు పక్కన టిక్కు ఒక్కసారి కూడా చూడలేదు” అంది.

నాకేం తెలుసు? అచ్చేసినవాళ్లని అడగమన్నాను. కానీ ఆవిడ అంత తేలిగ్గా వదిలే మనిషి కాదు. వచ్చిన ప్రతిసారీ అదే ప్రశ్న. చివరికి ఆవిడ పోరు పడలేక బట్టల గదిలో పనిచేసే నా స్నేహితురాలిని అడిగి తెలుసుకున్నాను. వెర్షినినా ఆ పాత్ర నేర్చుకుందట. పేరు అచ్చులోకి కూడా వెళ్లిపోయింది. మొదటి ఆటకి ఐదు రోజుల ముందు రిహార్సల్లో పాదం విరిగింది. అది అతుక్కునేసరికి పాత్ర మిగతా ఇద్దరికీ స్థిరపడిపోయింది, ఆ అమ్మాయి వెనక వరసలోకి వెళ్లిపోయింది. ప్రోగ్రాంలేమో వేలకొద్దీ అచ్చేసి కింద గదిలో పేర్చి పెట్టారు. అవి అయిపోయేదాకా ఆ పేరు అలాగే ఉంటుంది.

ఈ మాట చెప్తే నోన్నా సంతోషించి ఊరుకుంటుందనుకున్నాను. ఆవిడ అడిగిందేమిటంటే, వెనక వరసలో ఎన్నో మనిషి అని.

ఎడమవైపు నుంచి నాలుగో మనిషి. నోన్నా తనే కనిపెట్టింది. ఇక అప్పట్నుంచి స్టేజీ మధ్యలో స్వెర్చ్‌కోవా గాల్లో తేలుతుంటే ఈవిడ బైనాక్యులర్స్ మాత్రం ఎడమపక్క చీకట్లో ఉండేవి. టికెట్టు కొనుక్కుని గోడ చూసేవాళ్లని మిమ్మల్నే చూశానమ్మా అని ఏడిపించేదాన్ని.

అలాగని మిగతావాళ్లని చూడలేదనుకోకండి. విరామంలో నా మడత కుర్చీ పక్కన నిలబడి ఆవిడ చెప్పే ముక్కలు వింటే నాకు కాళ్ల నొప్పులు మర్చిపోయేవి. స్వెర్చ్‌కోవా గెంతి దిగితే చప్పుడే ఉండదట, కానీ మూడో అంకంలో నది వైపు చూసే చూపు మాత్రం ట్రామ్ ఎప్పుడొస్తుందా అని చూసినట్టు ఉంటుందట. రెండో ఆమె చేతులు చాలా అందమైనవట, ఆ సంగతి ఆమెకి కూడా బాగా తెలుసట. కొత్తగా వచ్చిన హీరో కుర్రాడు ఎత్తేటప్పుడు పిల్లని చూడడట, తన భుజాన్ని చూసుకుంటాడట. ఎవరినీ తిట్టేది కాదు. విప్పిన గడియారం ముందు కూర్చుని ఏ చక్రం ఎందుకు ఆగిందో చెప్తున్నట్టు చెప్పేది. ఒకే పాత్రని ఇద్దరు ఆడితే అది రెండు పాత్రలు ఎలా అవుతుందన్నదే ఆవిడకి తెగని కుతూహలం.

వెర్షినినా గురించి మాత్రం రెండేళ్లదాకా నోరు విప్పలేదు. ఒకరోజు విరామంలో నన్ను పక్కకి లాగి బైనాక్యులర్స్ చేతిలో పెట్టింది. మూడో అంకంలో ఆ కూతురు నది ఒడ్డున ఒక్కతే ఎదురుచూస్తూ చాలాసేపు ఆడుతుంది. అంతసేపూ పదహారు మంది అమ్మాయిలు రెండు పక్కలా రెల్లుపొదల్లా కదలకుండా నిలబడాలి. వాళ్లలో నాలుగో మనిషి వేళ్లు చూడమంది నోన్నా.

చూశాను. మనిషి రాయిలా నిలబడింది. కానీ లంగా మడతల పక్కన కుడిచేతి వేళ్లు కదులుతున్నాయి. స్వెర్చ్‌కోవా గిర్రున తిరిగితే చూపుడు వేలు తిరుగుతోంది. ఆమె మోకాలి మీద వాలితే నాలుగు వేళ్లూ మెల్లగా ముడుచుకుంటున్నాయి.

“ఆ పిల్ల మానలేదు కపితోలినా ఫ్యోదొరోవ్నా, అక్కడ నిలబడి మొత్తం పాత్ర ఆడుతోంది. వేళ్లతోనే ఇంత చేస్తే, ఒళ్లంతా ఇస్తే ఏం చేస్తుందో ఒక్కసారి చూడాలని ఉంది నాకు” అంది.

అంతే ఆవిడ కోరిక. డైరెక్టరుకి ఉత్తరం రాయమని సలహా ఇచ్చాను. ఊళ్లో బ్యాలే పిచ్చివాళ్లంతా రాస్తూనే ఉంటారు కదా. రాయనంది. బయటివాళ్లు వేలు పెడితే పాడవుతుందంది.

ఈ ఏడాది ఫిబ్రవరిలో బట్టల గది నుంచి ఇంకో కబురొచ్చింది. వెర్షినినాకి ఇరవై ఏళ్ల సర్వీసు పూర్తయిందట, బ్యాలే ఆడేవాళ్లకి అంతే, జూన్‌లో పింఛను మీద వెళ్లిపోతోందట. ‘పడవవాడి కూతురు’ ఈ సీజన్లో ఇక ఒక్కసారే ఉంది, మార్చి ఆఖరి ఆదివారం, పన్నెండు గంటల ఆట. రెండో ఆమె కానుపుకి వెళ్లింది కాబట్టి అవసరానికి ఉంటుందని వెర్షినినాని రిహార్సల్‌కి పిలుస్తున్నారని కూడా చెప్పింది. ఇదంతా నోన్నాకి చెప్పింది నేనే. వినగానే ఆవిడ ముడుచుకున్న కన్ను కూడా పూర్తిగా తెరుచుకుంది. చెప్పకుండా ఉండాల్సిందని ఆ క్షణంలోనే అనిపించింది, లేనిపోని ఆశ పెట్టాను కదా.

ఆ ఆదివారం నేను చేసిన వెధవ పని ఇప్పుడు చెప్తాను.

ఆఫీసు నుంచి ఆ పూట పాత్రల జాబితా పదకొండున్నరకి పైకి వస్తుంది. అది చూసి టిక్కులు పెట్టాలి. కానీ మూడు వందల కాగితాల మీద అరగంటలో పెట్టాలంటే నా వేళ్లు పడిపోతాయి. అందుకని పోస్టరు మీద ఉన్న పేరు చూసి పదింటికే మొదలుపెట్టేసేదాన్ని. పోస్టరు మీద స్వెర్చ్‌కోవా ఉంది. స్వెర్చ్‌కోవా, టిక్కు. స్వెర్చ్‌కోవా, టిక్కు. పదకొండుంబావుకి నోన్నా వచ్చింది. మెడకి మంచి స్కార్ఫు కట్టుకుంది. పలకరించకుండానే ప్రోగ్రాం తీసుకుని విప్పి చూసింది. చాలాసేపు చూసి నెమ్మదిగా మడిచి సంచిలో పెట్టుకుంది.

“సరేలెండి” అని, మెట్లు దిగి వెళ్లిపోయింది.

తర్వాత తెలిసింది, కింద థియేటరు తలుపు బయట బురద మంచులో నిలబడి మిగులు టికెట్టు ఉందా అని అడిగేవాళ్లలో ఒకాయన చేతిలో తన టికెట్టు పెట్టేసిందని. కోస్త్రోమా నుంచి పనిమీద వచ్చిన పెద్దాయన.

పన్నెండుకి పదిహేను నిమిషాలుందనగా జాబితా వచ్చింది. అంత ఆలస్యం ఎందుకయ్యిందో చూడగానే తెలిసింది. పొద్దున ఆటకి ముందు కసరత్తు చేసి ఒళ్లు వేడెక్కించుకునేటప్పుడు స్వెర్చ్‌కోవా మడమ వాచింది. కూతురి పాత్రలో తైసియా వెర్షినినా.

 అప్పటికే రెండు వందల ప్రోగ్రాంలు తప్పు టిక్కుతో జనం చేతుల్లోకి వెళ్లాయి. కానీ నాకు గుర్తొచ్చింది ఒక్క ప్రోగ్రామే. ఈ టిక్కు జాబితా రాకముందు బద్ధకంతో పెట్టానని ఆవిడకి చెప్పాల్సింది. కాస్త ఆగమనాల్సింది. అవతలి తలుపు దగ్గరుండే ఆమెకి నా తలుపు అప్పగించి, కోటు కూడా వేసుకోకుండా, యూనిఫాంతో నాలుగంతస్తులు దిగి పరిగెత్తాను. ఈ కాళ్లతో!

ఎక్కడుంటుందో తెలుసు. ఆట అయ్యాక ఎప్పుడూ వెళ్లేది వీధి మూల పీష్కీల కొట్టుకే. గారెల్లా చిల్లుపెట్టి నూనెలో వేయించి, పొడి పంచదార చల్లిన వేడి పీష్కీలు రెండు, పాలకాఫీ ఒక గ్లాసు. వెళ్లేసరికి కిటికీ దగ్గర బల్ల ముందు నిలబడి ఉంది. పీష్కీలు ముట్టుకోలేదు. ముక్కు ఎర్రబడింది.

తొమ్మిదేళ్లలో ఆవిడని ‘మీరు’ అనే తప్ప ‘నువ్వు’ అని పిలవలేదు నేను. ఆ రోజు నోరు జారింది.

“నువ్వు ఇక్కడేం చేస్తున్నావే తల్లీ? పద, పద! మూడో పేరు!”

ఆవిడకి అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. తర్వాత నాకంటే ముందు తలుపు దాటింది. దారిలో రొప్పుతూనే తప్పు ఒప్పుకున్నాను, టిక్కులు ముందే పెట్టేస్తుంటానని. ఆవిడ ఆగకుండా నడుస్తూనే చెప్పింది, ఆ సంగతి తనకి ఏళ్లుగా తెలుసని. ఇప్పటిదాకా పదకొండుసార్లు తప్పుగా పెట్టానట. ఇంటికెళ్లి దిద్దుకుంటుందట.

“మరి తెలిసి తెలిసి ఇవాళ నా టిక్కు చూసి వెళ్లిపోయావేం?”

“భయమేసింది” అంది. “ఇదే ఆఖరిసారి కదా. తెర లేచాక కూడా ఆ పిల్ల నాలుగో చోటే నిలబడి ఉంటే నేను చూడలేను.”

మేము పైకి చేరేసరికి పన్నెండుంబావు. టికెట్టు లేనివాళ్లని, అందులోనూ ఆలస్యంగా వచ్చినవాళ్లని లోపలికి పంపితే నా ఉద్యోగం ఊడుతుంది. అయినా నా మడత కుర్చీ లోపల తలుపు వారన వేసి కూర్చోబెట్టాను.

వెర్షినినా ఎలా ఆడిందో నన్నడిగితే నిజం చెప్తాను. మొదటి అంకంలో గెంతులు బరువుగానే ఉన్నాయి. రెండో అంకంలో ఒకచోట తిరుగుతూ తూలింది, పాదం పక్కకి పడింది, గ్యాలరీలో ఎవరో చప్పున నిట్టూర్చారు. నోన్నా బైనాక్యులర్స్ దించలేదు. మూడో అంకం వచ్చింది. పదహారు మందిలో ఒక చోటు ఖాళీగా ఉంది, రెల్లుపొదలు పదిహేనే. వెర్షినినా నది వైపు చూడనే లేదు. వీపు తిప్పుకుని నిలబడింది, చూసీ చూసీ మానేసిన మనిషిలాగా. దూరంగా తెడ్డు చప్పుడు వినిపించినట్టు వాద్యాలు మోగినప్పుడు మిగతా ఇద్దరూ ఒక్క పరుగు తీసేవాళ్లు. ఈమె పరుగెత్తలేదు. ముందు లంగా పక్కన చూపుడు వేలు కదిలింది. తర్వాత నాలుగు వేళ్లు, తర్వాత మణికట్టు, చెయ్యి, భుజం, మెడ, అన్నిటికంటే ఆఖరికి మొహం తిరిగింది. నాకు బ్యాలే పిచ్చి లేదని ముందే చెప్పాను కదా. అయినా గోడకి ఆనుకుని ఏడ్చాను.

అప్పుడే చీకట్లో నోన్నా చెయ్యి చాపి పెన్సిల్ ఇమ్మంది. సంచిలోంచి ప్రోగ్రాం తీసి, ఒళ్లో పెట్టుకుని, స్టేజీ మీంచి కళ్లు తిప్పకుండానే గీసింది. స్వెర్చ్‌కోవా పక్కన కొట్టివేత, మూడో పేరు పక్కన టిక్కు. ఆ టిక్కు తోక వంకరగా అంచుదాకా పోయింది.

ఆట అయ్యాక ఆ కోస్త్రోమా పెద్దాయన తలుపు దగ్గర దొరికాడు. నోన్నా ఆయన్ని పట్టుకుని, మొదటి అంకంలో ఆ అమ్మాయి లోపలికి ఎలా వచ్చిందో చెప్పమని ప్రాణం తీసింది. ఆయన పాపం బాగా ఆలోచించి, నడిచి వచ్చిందన్నాడు.

జనం వెళ్లిపోయారు. నేను కింద పడ్డ కాగితాలు ఏరుతుంటే మెట్ల మీద అడుగులు వినిపించాయి. కోటు వేసుకుని, రంగు సరిగా పోని మొహంతో, తడి జుట్టుతో వెర్షినినా. దగ్గర్నుంచి చూస్తే కళ్ల కింద గీతలున్నాయి. కింది అంతస్తుల్లో ప్రోగ్రాంలు అయిపోయాయట, మా అమ్మకి పంపాలి, ఒకటుందా అని అడిగింది. కొంచెం ఆగి, టిక్కు ఉన్నది కావాలంది.

నా చేతిలో మిగిలినవన్నీ స్వెర్చ్‌కోవా టిక్కులే. సిగ్గుతో చచ్చిపోయాను. ఇప్పుడే పెట్టి ఇస్తానని పెన్సిల్ వెతుక్కుంటున్నాను. ఈలోగా నోన్నా తన ప్రోగ్రాం చాపింది.

“ఇది తీసుకోండి. మీరు ఆడుతున్నప్పుడే పెట్టాను. కాస్త వంకరగా వచ్చింది.”

వెర్షినినా ఆ వంకర టిక్కు చూసింది. మీరు నన్ను ఎరుగుదురా అని అడిగింది.

“మీ వేళ్లని ఎరుగుదును” అంది నోన్నా. “తొమ్మిదేళ్ల నుంచి.”

వెర్షినినా కుడిచెయ్యి గబుక్కున కోటు జేబులోకి వెళ్లిపోయింది, దొంగతనం పట్టుబడ్డట్టు. తర్వాత మెల్లగా బయటికి తీసింది.

“ఎవరికీ కనిపించదనుకున్నాను” అంది.

 ఆమె ప్రోగ్రాంని మడతపడకుండా రెండు చేతుల్తో పట్టుకుని మెట్లు దిగింది. జూన్‌లో వెళ్లిపోయింది.

ఈమధ్య నోన్నా పుట్టినరోజుకి వాళ్లింటికి వెళ్లాను. ప్రోగ్రాంలన్నీ అట్టపెట్టెల్లో తారీఖుల ప్రకారం పేర్చుకుంది. మార్చి ఆఖరి ఆదివారం చోటు ఖాళీగా ఉంటుందనుకుని వెతికాను. ఖాళీగా లేదు. ఆ రోజు నేల మీద పడున్నవాటిలో ఒకటి తెచ్చుకుని పెట్టుకుంది. స్వెర్చ్‌కోవా పేరు పక్కన నా టిక్కు, నున్నగా, చక్కగా ఉంది. దాని కింద గడియారం ముల్లంత సన్నటి అక్షరాలతో రాసుంది: ‘కపితోలినా పొరపాటు, పన్నెండోది. ఆడింది వెర్షినినా. చూశాను.’