పీర్ మామ గోళెం నీళ్లు

నార్కట్‌పల్లి చౌరస్తాలో లారీల అద్దాలు కడిగే పీర్ మహమ్మద్ మా పక్కింటాయన. అంత మొండి మనిషిని నేను మళ్లీ చూడలేదు. అద్దం మీద బోరు నీళ్ల చుక్క పడనిచ్చేవాడు కాదు. మా బోరు నీళ్లు ఆరితే సున్నం చిలకరించినట్టు తెల్ల మచ్చలు మిగులుతాయి మరి. అందుకని వాన నీళ్లే పట్టేవాడు. అది కూడా ఎంత నిష్ఠగా! మొదటి వానను రేకుల మీది దుమ్ము పోవడానికని వదిలేసేవాడు. రెండో వాన నుంచి ధోవతి గుడ్డలో వడగట్టి, పాచి పట్టకుండా వెనక చీకటి గదిలో రెండు పెద్ద మట్టి గోళేలు నింపి మూతలు పెట్టేవాడు.

“నీళ్లు మంచిగుంటె గుడ్డతోటి తుడిచే పనే లేదు బిడ్డా. పోసి ఇడిసిపెట్టు, అద్దం దానంతటదే మెరుస్తది” అనేవాడు నాతో.

ఒక గోళెం అద్దాలకు, ఇంకోటి ఆయన భార్య లాల్ బీ తాగడానికి. ఫ్లోరైడు ఉన్న ఈ బోరు నీళ్లే తాగీ తాగీ ఆమె మోకాళ్లు వంగిపోయాయి, గడప దాటలేకపోయేది. సాయంత్రం పూట నేనే పోయి కాసేపు కూర్చునేదాన్ని.

తొంభై మూడులో ఉగాదికి బుచ్చయ్య సేఠు బట్టల దుకాణం పెట్టాడు. ముందంతా నిలువెత్తు అద్దం. ముహూర్తం నాడు అద్దం మెరిస్తే నెలనెలా పని నీదేనని మామకు మాటిచ్చాడు. అరవై దాటి, లారీలు ఎక్కలేక ఆయాసపడుతున్న మనిషికి అంతకన్నా ఏం కావాలి?

సరిగ్గా ముందురోజే నేను చెయ్యరాని పని చేశాను. మా వదిన పండక్కి వచ్చింది. భక్ష్యాలకు శనగపప్పు పొయ్యి మీద పెడితే బోరు నీళ్లలో ఎంతకీ ఉడకదే! వదిన ముందు పరువు పోతుందని, మామ లేనప్పుడు అద్దాల గోళెంలోంచి రెండు బిందెలు ముంచుకున్నాను. వెలితి కనిపించకుండా రెండు బిందెల బోరు నీళ్లు పోశాను. నీళ్లు నీళ్లే కదా అనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది!

ఉగాది పొద్దున్నే మామ అద్దం కడిగాడు. ఎండ ఎక్కేసరికి అద్దం నిండా మచ్చలే. దుకాణం ముందు జనమంతా చూస్తుండగా బుచ్చయ్య ఎగిరాడు.

“ఏందయ్యా గిది? అద్దమా, పిట్టలు రెట్టేసిన బండనా?”

మామ బకెట్ అడుగున మిగిలిన తడిని వేలితో అద్ది నాలుకకు రాసుకున్నాడు. “నీళ్లు సూసుకోలే సేఠ్. తప్పు నాదే.”

“ఇంట్ల ఇంకో గోళెం ఉన్నదంట గద. తెచ్చి కడుగు.”

“అయి లాల్ బీ తాగే నీళ్లు. వానకాలం దాక గవే దిక్కు. తేలేను.”

పని పోయింది. ఊళ్లో నాకు నోరెక్కువని పేరు. వదినతో పాటు ఆ గుంపులోనే ఉన్నాను, ఒక్క మాట పెగిలితే ఒట్టు. ఎనిమిది రోజులు వాళ్లింటి ఛాయలకు పోలేదు. అన్నం సహించలేదు. తొమ్మిదో రోజు పోయి, వాకిట్లో కూర్చున్న మామ ముందు అంతా కక్కేశాను.

“నాకెరికే శ్యామలా. నీళ్లు నాలికెకు తగలంగనే అనుమానమొచ్చింది. పండుగనాడు నువ్వు పంపిన భక్ష్యాలు తింటె రూఢయింది. పప్పు వెన్న తీర్గ ఉడికింది.”

“మరి నా పేరెందుకు చెప్పలే మామా? ఇప్పుడే పోయి సేఠుకు చెప్పొస్త” అన్నాను, ఏడుపు ఆపుకోలేక.

“చెప్తె నువ్వు సిగ్గుపడి మా ఇంటికి రావని చెప్పలే. మా ముసల్దానికి మాట్లాడేటందుకు నువ్వు గాక ఎవరున్నరు?” మామ పక్కకు జరిగి నాకు దారి ఇచ్చాడు: “చెప్పకున్నా రాకపోతివి గద బిడ్డా. సేఠు దగ్గరికి తర్వాత పోదువు గాని, ముందుగాల లోపటికి పో. ఎనిమిది దినాల సంది వాకిలి దిక్కే చూస్తాంది.”