కెప్టెన్ గారి వెనక సీటు

మా బావకు కళ్ళజోళ్ళ షాపుంది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా జనం కళ్ళ ముందు అద్దాలు మార్చి మార్చి పెడుతూ, "ఇప్పుడెలా ఉంది? పై వరుస చదవండి. ఊఁ, ఇప్పుడు కింది వరుస" అంటూ ఉంటాడు. మెత్తటి మనిషి. ఫ్రేము చెవి వెనక గుచ్చుకుంటోందని ఏ ముసలావిడైనా అంటే, దాన్ని వేడిచేసి వంచి, తన చెవికి పెట్టుకుని చూసుకుని, మళ్ళీ వంచి మరీ ఇస్తాడు. అక్కడితో ఆగి ఉంటే ఆయన గురించి చెప్పడానికి ఏమీ ఉండేది కాదు.

నడివయసు దాటాక మగాళ్ళకు పొట్ట వస్తుంది, బట్టతల వస్తుంది, అదృష్టవంతులకు కాస్త బుద్ధి వస్తుంది. మా బావకు మోటారుసైకిలు వచ్చింది. ముందు నుంచి చూస్తే దున్నపోతు, వెనక నుంచి చూస్తే కందిరీగ. వెనక సీటు అరచేయంత, అదీ అటక మీద పీట వేసినంత ఎత్తున. దాంతోపాటు మోకాళ్ళకు చిప్పలు, మోచేతులకు చిప్పలు, నడిస్తే కిర్రుమనే తోలు కోటు. ఇదంతా తగిలించుకుని మెట్లు దిగుతుంటే కింది వాటాలో ఉన్న నాకు, పైనుంచి ఎవరో బీరువా దింపుతున్నారేమో అనిపించేది. షాపుకు మాత్రం పాత స్కూటరు మీదే వెళ్ళేవాడు. మోటారుసైకిలు ఆదివారాలకు.

కొత్త బండి మీద మొదటి ఆదివారం మా అక్కను ఎక్కించుకుని క్వారీ వెనక కొండ రోడ్డు పట్టాడు. పేరుకు అది తారు రోడ్డు. సగం తారు వానలకు కొట్టుకుపోయింది, మిగతా సగం ట్రాక్టర్లు పీక్కుతిన్నాయి. ఒక మలుపు తిరిగీ తిరగకముందే ఇంకోటి. లోపలి అంచున సన్నకంకర, బయటి అంచున లోయ. అవతలి నుంచి వచ్చేది గొర్రెల మందో, కట్టెల లారీయో మీద పడేదాకా తెలియదు.

బండి నడిపేవాళ్ళందరికీ తెలిసిన సంగతి ఒకటుంది. చూపు ఎటు పోతే బండి అటే పోతుంది. మలుపు చివర చూస్తే మలుపు తిరుగుతుంది, గోతిలోకి చూస్తే గోతిలో దిగుతుంది. మా బావ ఖర్మ ఏమిటంటే ఆయన కళ్ళు భయమున్న చోటికే పోతాయి. లోయ కనిపిస్తే లోయనే చూస్తాడు. రాయి కనిపిస్తే ఆ రాయినే, ఏదో బాకీ ఉన్నట్టు చూస్తాడు. మొదటి మలుపులోనే బండి తిన్నగా అంచుకు పోతుంటే, మా అక్క ఆయన చెంప పక్క నుంచి చెయ్యి బారుగా చాచి, మలుపు చివరకు వేలు చూపించి, "అటు చూడండి!" అని అరిచింది. ఊరందరికీ ఎటు చూడాలో చెప్పే మనిషి పెళ్ళాం చూపించిన వైపు చూశాడు. బండి చక్కగా తిరిగింది.

అప్పట్నుంచి అదే పద్ధతి. కుడి మలుపొస్తే అక్క కుడి చెయ్యి, ఎడమ మలుపొస్తే ఎడమ చెయ్యి. ఇద్దరూ దాని గురించి ఒక్క మాట కూడా అనుకున్నది లేదు. ఇంటికొచ్చాక అక్క నడుముకు మందు రాసుకునేది, బావ బండికి పాలిష్ పట్టేవాడు.

ఊళ్ళో ఇలాంటి ఆదివారం వీరులు ఇంకో ఆరుగురు ఉన్నారు. బేకరీ ఓనరు, పళ్ళ డాక్టరు, లెక్కల మాస్టారు, అలాంటివాళ్ళే మరో ముగ్గురు. అందరూ కలిసి చిరుతల దళం అని పేరు పెట్టుకున్నారు. ఒక్క చిరుతకీ పొట్ట బెల్టులో ఇమడదు. మా బావ ఎప్పుడూ పడలేదు కాబట్టి ఆయన్నే కెప్టెన్ చేశారు. దళానికి ఒకే ఒక్క నియమం. ముందు పోయే బండి మీంచి చూపు తిప్పకూడదు. కెప్టెన్ ఎటు తిరిగితే అటు తిరగాలి, ఎక్కడ వంగితే అక్కడ వంగాలి.

కొండ మీద టీ కొట్టు దగ్గర బావ ఉపన్యాసాలు నేను కూడా ఒకసారి విన్నాను. దళంలో ఒకాయన, బండి రిపేరులో ఉండి, కారులో వస్తూ నన్ను తీసుకెళ్ళాడు.

"మలుపుతో పోట్లాడకూడదు. మాట్లాడాలి. అది చెప్పేది మనం వినాలి" అంటున్నాడు బావ. చిరుతలన్నీ గ్లాసులు పట్టుకుని తలలూపుతున్నాయి.

"బావా, ఆ మలుపు గొంతు అచ్చం మా అక్క గొంతులా ఉంటుందా?" అన్నాను.

"నీకిలాంటివి అర్థం కావులే" అన్నాడు. అక్క బెంచీ మీద నడుం పట్టుకుని కూర్చుని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆవిడ చేతిని వాడుకుని ఈయన మీసం మెలేస్తున్నాడని ఒళ్ళు మండింది.

ఆ అటక మీది పీటను ఎన్నాళ్ళని ఓర్చుకుంటుంది నడుము? ఒక సోమవారం అక్క మంచం మీంచి లేవలేకపోయింది. డాక్టరు ఎక్స్‌రే ఫిల్ములు వెలుగుకు పెట్టి చూసి, ఆ బండి వెనక ఇక ఎక్కొద్దన్నాడు. అదీ ఎప్పుడు? ఆదివారం కొండ అవతలి రోడ్డుకు పోదామని, అక్కడ మలుపులు ఇంకా బిగువని, దళమంతా ఉర్రూతలూగుతున్నప్పుడు. అక్కకు గంజి ఇద్దామని పైకి వెళ్ళేసరికి వాళ్ళిద్దరూ మాట్లాడుకుంటున్నారు.

"ఏవండీ, వెళ్ళొద్దు. వాళ్ళకు చెప్పెయ్యండి."

"ఏమని చెప్పను?"

"మలుపంటే భయమని."

"భయమా? నాకా?"

"మలుపు రాగానే మీ వీపు చెక్కలా బిగుసుకుపోతుంది. దానికి ఆనుకుని కూర్చునేది నేను. నాకు తెలీదూ?"

"అంటే నీ చెయ్యి లేకపోతే నేను నడపలేనంటావు."

"నడపలేరు. చచ్చిపోతారు" అంది అక్క. డొంకతిరుగుడు మా ఇంటావంటా లేదు. ఆ మాట అని గోడవైపు తిరిగి ఏడ్చింది. బావ పాపం ఆవిడ కాళ్ళ మీద దుప్పటి సరిచేశాడు. సరిచేసి, వెళ్ళి హెల్మెట్ అద్దం తుడుచుకున్నాడు. పరువు ముందు పెళ్ళాం కన్నీళ్ళు ఎంత? ఆరుగురు మగాళ్ళు ఏమనుకుంటారో అన్నదే ఆయనకు లోయ కంటే లోతుగా కనిపించింది.

ఆదివారం వెళ్ళాడు. అక్క దిండ్లు ఆనుకుని ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పెట్టిన టిఫిను అలాగే ఉంది. ఏ బండి చప్పుడైనా కిటికీ వైపు చూస్తుంది. "వాళ్ళు ఫోన్ చేస్తే నువ్వే ఎత్తు. నేనెత్తను" అంది. బావ తిరిగొస్తే నాలుగు తిట్టాలని దేవుడికి మొక్కుకున్నాను.

అక్కడ జరిగింది నేను చూడలేదు. తర్వాత ఒక్కొక్కరి నోట్లోంచి జారిన ముక్కలు అతికించి చెబుతున్నాను. మొదటి రెండు మలుపులు నత్తతో పోటీపడి దాటారు. మూడో మలుపు ఎడమకు తిరుగుతుంది. తిన్నగా చూస్తే కర్రలు పాతి తాళ్ళు కట్టిన టమాటా తోట. బావ తోటను చూశాడు. తోటలోకి వెళ్ళిపోయాడు. వెనక ఆరుగురూ నియమం తప్పని మనుషులు. ఒకరి వెనక ఒకరు, వరసలో, గుడ్డెద్దులు చేలో పడ్డట్టు పడ్డారు.

తోట గలావిడ పరుగెత్తుకొచ్చింది. "కళ్ళు కనపడవుట్రా మీకు! ఒకడంటే సరే, ఏడుగురికీ ఒకేసారి పోయాయా?" అని అడిగింది. కళ్ళజోళ్ళ షాపు యజమాని వంగి, పడిన కర్ర ఒకటి ఎత్తాడు. పడిన కర్రలన్నీ పాతించి, తెగిన తాళ్ళన్నీ మళ్ళీ కట్టించి గానీ ఆవిడ వాళ్ళను వదల్లేదు. చిరుతలు బుద్ధిగా ముళ్ళు వేశాయి.

మధ్యాహ్నం బావ గుమ్మంలోకి వచ్చాడు. కోటు ముందంతా ఎర్రగా ఉంది. అక్క లేవకూడదన్న సంగతి మర్చిపోయి, గోడ పట్టుకుని వెళ్ళి, ఆయన రొమ్ము తడిమింది, మెడ తడిమింది, తల తడిమింది. చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుంది.

"టమాటా" అంది.

"గేదె అడ్డమొచ్చింది. దాన్ని తప్పించబోయి..." అన్నాడు బావ.

అక్క ఆ చెయ్యి కొంగుకు తుడుచుకుంది. నేను దాచుకున్న నాలుగు తిట్లూ నా గొంతులోనే ఉండిపోయాయి. బతికొచ్చాడు, అది చాలనిపించింది.

కానీ గేదె చావలేదు. పైగా మేపిన కొద్దీ పెరిగింది. కొన్నాళ్ళకు దళమంతా అక్కావాళ్ళ ముందుగదిలో చేరింది. ఏడుగురూ తోటలో పడ్డవాళ్ళే కాబట్టి ఏడుగురికీ ఆ గేదె కావాలి. కొమ్ములు ఇంతింత ఉన్నాయన్నాడు బేకరీ ఓనరు. పక్కనే దూడ కూడా ఉందన్నాడు పళ్ళ డాక్టరు. సరిగ్గా ఏ కోణంలో వచ్చిందో గాలిలో గీసి చూపించాడు లెక్కల మాస్టారు. ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమనడం వినడమే గానీ కళ్ళారా చూడటం నాకదే మొదలు. చివరికి, మూగజీవిని కాపాడినందుకు కెప్టెన్‌కు ఒక షీల్డు చేయించాలని తీర్మానించారు. మా బావ వద్దు వద్దంటూనే దాని మీద ఏం రాయిస్తే బాగుంటుందో చెప్పబోతున్నాడు.

అక్క టీ ట్రే తెచ్చి బల్ల మీద పెట్టింది.

"గేదె లేదు" అంది.

ట్రేలోంచి గ్లాసులు ఒక్కొక్కటే దించింది.

"గేదె లేదు, దూడ లేదు. వెనక నేను లేను. అంతే."

తేలు కుట్టిన దొంగల్లా ఏడుగురూ నేల చూపులు చూశారు. బావ మొహం కోటు మీది మరకంత ఎర్రబడింది. లెక్కల మాస్టారు లేచి నిలబడ్డాడు.

"వదినా, నిజం చెప్పేస్తున్నా. నేనెప్పుడూ అన్న బండిని చూళ్ళేదు. మీ చెయ్యి చూసే తిరిగేవాణ్ణి."

"నువ్వూనా?" అన్నాడు పళ్ళ డాక్టరు.

"మరి? ఆ చెయ్యి లేకపోతే నాకు కుడేదో ఎడమేదో..." అన్నాడు బేకరీ ఓనరు. "ఆ రోజు చెయ్యి కనపడలేదు. ఏం చెయ్యాలో తోచక అన్న వెనకాలే పోయాం."

"తోట కాబట్టి సరిపోయింది. దాని తర్వాత మలుపుకు తోట లేదు, లోయే" అన్నాడు మాస్టారు, ఇంకా చిన్న గొంతుతో.

అక్క నిలబడే ఉంది. బావ వైపే చూస్తోంది. ఆవిడ ఏ మాట కోసం నిలబడిందో నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. గ్లాసు అందుకున్నాడు, మళ్ళీ కింద పెట్టేశాడు.

"నాకు భయమేరా" అన్నాడు. "మొదటి రోజు నుంచీ భయమే. ఇది వెనకుంటే చెప్పక్కర్లేదు కదా అని చెప్పలేదు."

అక్క కళ్ళు నిండాయి. కొంగుతో తుడుచుకుని, ఆయన గ్లాసు తీసి ఆయన చేతిలో పెట్టింది.

బుద్ధున్న మనుషులైతే ఆ పూటకు లేచి వెళ్ళిపోయేవాళ్ళు. చిరుతలు కదా, ఆరుగురూ ఒకరి మొహాలొకరు చూసుకుని, చివరికి బేకరీ ఓనరును ముందుకు తోశారు.

"వదినా, ఏమీ అనుకోకండి. మీ నడుము... ఎప్పటికి తగ్గుతుందన్నారు?"

ఆ పొద్దున్నే అక్క చీరల బీరువా పక్కకు జరిపి వెనకున్న బూజంతా దులిపింది. బీరువాకు రెండో వైపు పట్టుకున్నది బావే.

"తగ్గదు" అంది అక్క.

ఆరు మొహాలూ కెప్టెన్ వైపు తిరిగాయి. బావ టీ ఊదుకుని ఒక గుక్క తాగాడు.

"డాక్టరు కూడా అదే అన్నాడు" అన్నాడు.