సెల్లార్‌లో పారల ఆట

ఆదివారం సాయంత్రం నాలుగు కాగానే రెహెమా చేసే మొదటి పని కార్లు జరిపించడం. మణికొండలో ఆమె అద్దెకుంటున్న అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో రెండు మూడు కార్లు పక్కకు పోతే ఆటకు సరిపడా చోటు దొరుకుతుంది. తాళంచెవులు వాచ్‌మన్ యాదయ్య దగ్గరుంటాయి.

"మేడం, ఒక మాట అడుగుత, ఏమనుకోవద్దు," అన్నాడు యాదయ్య కారు వెనక్కి తీస్తూ. "మీ దేశంల అందరికీ పుట్టంగనే డాన్స్ వస్తదంట గద?"

"మీ దేశంల అందరికీ పుట్టంగనే కంప్యూటర్ వస్తదంట గద యాదన్నా?"

"నాకా? ఫోన్ల మెసేజ్ కూడ కొట్టరాదు."

"మా స్టూడెంట్ లూకా డాన్సు గూడ గంతే. అందుకే ఆయనకు డోలు ఇచ్చి కూసోబెట్టిన."

రెహెమాది టాంజానియాలో మ్వాంజా, పెద్ద సరస్సు ఒడ్డున ఉన్న పట్నం. కంప్యూటర్ చదువు కోసం పదకొండేళ్ల కిందట హైదరాబాద్ వచ్చింది. ఇప్పుడు ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఒక కంపెనీలో టెస్టింగ్ చేస్తోంది. వచ్చిన కొత్తలో ఏ ఇంటికి వెళ్లినా "నిన్ననే ఇచ్చేసినం" అనేవారు. టు-లెట్ బోర్డు మాత్రం గేటుకు వేలాడుతూనే ఉండేది. ఎక్కడికి పోవాలో, ఎవరిని అడగాలో చెప్పే మనిషి అప్పుడు ఆమెకు లేదు. అందుకే ఆఫ్రికా నుంచి కొత్తగా వచ్చే విద్యార్థులకు తన ఆదివారాలు ఇచ్చేసింది. ఏ ఓనరు ముఖం మీద తలుపు వెయ్యడో, హాజరు తగ్గితే ఏ సార్‌ను కలవాలో, వీసా కాగితాలు ఎప్పటికి సిద్ధం చేసుకోవాలో, ఇవన్నీ చెమట పట్టాక నేల మీద కూర్చుని చెప్పుకునే మాటలు. ముందు మాత్రం ఆట.

ఆ ఆట ఆమె అమ్మమ్మ పొలంలోది. మ్వాంజా వైపు సుకుమా తెగ రైతులు ఆడతారు. వరుసగా నిలబడి డోలు దెబ్బకు నేల తవ్వినట్టు వంగుతారు. లేస్తూ పారను గాల్లోకి ఎగరేసి, అది తిరుగుతూ కిందికి వస్తుంటే పిడి అందుకుంటారు. ఇక్కడ పారలు ఇచ్చింది నీలమ్మ. వెనక ప్లాటులో లేస్తున్న టవర్ దగ్గర పని చేస్తుంది, మహబూబ్‌నగర్ దిక్కు మనిషి. అరిగి మూలపడ్డ పారల అంచులు రాయికి రుద్ది, మొద్దు చేసి మరీ తెచ్చింది.

ఆ నెలంతా రెహెమా బెంగ ఎస్తర్ మీద. తన ఊరి పిల్ల, ఇంజినీరింగ్ మొదటి సంవత్సరం. ఒకరోజు బస్టాప్‌లో కొందరు కుర్రాళ్లు ఫోన్లెత్తి వీడియో తీస్తూ నవ్వారు. ఒకడు దగ్గరికొచ్చి, రంగు అంటుతుందేమో చూద్దామని ఆమె చెయ్యి రుద్దాడు. మర్నాటి నుంచి ఎస్తర్ కాలేజీ మానేసింది. తల వంచుకునే నడుస్తోంది. వచ్చే నెలాఖరుకు ఇంటికి టికెట్ కూడా కొనుక్కుంది. వెళ్తే చదువు ఆగిపోయినట్టే. రెహెమా వద్దనలేదు.

"వెళ్లేదాకా ఆదివారాలు రా," అని మాత్రం అంది, తమ స్వాహిలీలో.

మొదటిరోజు ఎస్తర్ పార ఎగరేసి, అలవాటుకొద్దీ నేల చూసింది. పార భుజం పక్కగా పోయి ఖంగున పడింది.

"నేల నిన్ను కొట్టదు, పార కొడుతుంది," అంది రెహెమా. "పైకి చూడు."

తల ఎత్తకుండా ఆ ఆట ఆడడం కుదరదు. కొన్ని వారాలకు ఎస్తర్ అందరికన్నా ముందే వచ్చి కూర్చోసాగింది. ఓసారి పార అందుకుని పెద్దగా నవ్వింది కూడా. టికెట్ మాట మాత్రం ఎత్తలేదు.

సరిగ్గా అప్పుడే మూడో అంతస్తు హేమంత్, సీసీ కెమెరాలో చూసిన బొమ్మ ఒకటి అసోసియేషన్ గ్రూపులో పెట్టాడు. 'సెల్లార్‌లో ఆయుధాలతో ట్రైనింగ్' అని కింద రాశాడు. ఆ ఆదివారం ఆట మధ్యలో అసోసియేషన్ ప్రెసిడెంట్ రామ్మోహనరావు దిగివచ్చాడు.

"ఏంటమ్మా రెహెమా, ఈ గొడ్డళ్లేంటండీ?"

పక్కనే కూర్చుని చూస్తున్న నీలమ్మకు నవ్వాగలేదు. "గొడ్డలి గాదు సార్, పార. జర అద్దాలు పెట్టుకోని చూడుర్రి."

"నువ్వెవరమ్మా?"

"గా పారలు తెచ్చినదాన్ని."

"ఎవుసం డాన్స్ సార్ ఇది," అంది రెహెమా. "మా తాన పొలంల ఆడుతరు."

"మీరు మంచివాళ్లని నాకు తెలుసండీ. కానీ ఇళ్లల్లో ఆడపిల్లలున్నారు. భయపడుతున్నారంటున్నారు."

"వీళ్లు గూడ ఆడపిల్లలే గద సార్. వీళ్లకు భయమైతే ఎవలకు చెప్పుకోవాలె?"

రామ్మోహనరావు వంగి ఒక పార మొద్దు అంచును వేలితో తడిమి చూశాడు. "శనివారం మన వార్షికోత్సవం ఉంది కదండీ," అన్నాడు చివరికి. "అందరి ముందూ ఆడండి. చూశాక చేతులెత్తిస్తాను. ఎక్కువమంది వద్దంటే ఈ సెల్లార్ సంగతి మర్చిపోండి."

ఆయన వెళ్లాక లూకా డోలు పక్కన పెట్టేశాడు. "మనం ప్రమాదకరమైన మనుషులం కాదని ఆడి నిరూపించుకోవాలా?"

రెహెమా ఆ డోలును మళ్లీ అతని ముందుకు జరిపింది. అతనన్నది నిజమే. కానీ సెల్లార్ పోతే వీళ్లంతా కలిసే చోటు ఇంకోటి లేదు.

"ముందు వరుసలో నేను నిలబడతాను," అంది ఎస్తర్. "ఎలాగూ వెళ్లిపోయేదాన్ని. నన్నేం చేస్తారు?"

శనివారం సాయంత్రం అపార్ట్‌మెంట్ ముందు ఆవరణలో, పిల్లల సినిమా డాన్సులయ్యాక వీళ్ల వంతు వచ్చింది. లూకా డోలు అందుకున్నాడు. ఎస్తర్ పార పట్టుకుని ముందుకు రాగానే కుర్చీల్లోంచి ఫోన్లు ఒక్కసారిగా లేచాయి. ఆమె కాళ్లు ఆగిపోయాయి. తల మెల్లగా కిందికి దిగింది. వెనక వరుసలో ఉన్న రెహెమాకు ఆ మెడ వంగడం కనిపించింది. లూకా మాత్రం దరువు ఆపలేదు.

"పైకి!" అని అరిచింది రెహెమా.

ఎస్తర్ నడుము వంచి, లేస్తూ, బలంకొద్దీ పారను విసిరింది. అది లైట్ల మీదుగా గిర్రున తిరిగి కిందికొచ్చింది. కళ్లు దాని మీదే పెట్టి పిడి అందుకుంది. ఆ తర్వాత ఆమెకు ఫోన్లు కనిపించలేదు. వెనక వరుసలన్నీ ఆమెతో పాటే వంగాయి, ఆమెతో పాటే లేచాయి.

"ఓ పిల్లా, నడుము ఇంక జర వంగాలె!" అంటూ గేటు దగ్గర్నుంచి నీలమ్మ కేకేసింది. కేకేసి ఊరుకోలేదు. తోటి కూలీ ఆడవాళ్లను వెంటేసుకుని, తన పారతో వచ్చి వరుసలో నిలబడింది. ఎగరేయడం వాళ్లకు రాదు గానీ దరువు తప్పకుండా తవ్వారు. ముందు కుర్చీల్లోని పిల్లలు ఎగిరి గంతులేస్తూ మళ్లీ ఆడమన్నారు. మళ్లీ ఆడారు.

రామ్మోహనరావు మైకు తీసుకుని, వద్దనేవాళ్లు చేతులెత్తమన్నాడు. హేమంత్ చెయ్యీ, ఇంకో నలుగురైదుగురివీ లేచాయి. కావాలనేవాళ్లను అడిగేసరికి మిగతా చేతులన్నీ లేచాయి. ఆయన లెక్కపెట్టడం మానేసి మైకు కింద పెట్టి, తనూ చెయ్యెత్తాడు.

ఎస్తర్ టికెట్ రద్దు చేసుకుంది. సోమవారం కాలేజీకి వెళ్తే, తగ్గిన హాజరుకు సెలవుల్లో క్లాసులు వినాలన్నారు. సరేనంది. ఆ తర్వాతి ఆదివారం నుంచి కొత్తగా వచ్చినవాళ్లకు పార పట్టడం నేర్పేది ఆమే.